ఫ్లాట్‌బుష్‌లో మీకు అద్దెకిచ్చిన ఆవిడ ఇల్లు ఎలా కొన్నదంటే

మీరు అడిగింది ఇది. బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్‌లో మూడు నెలల కిందట అద్దెకు దిగారు. అద్దెకిచ్చిన ఇంటావిడది గయానా, 74 ఏళ్ళు. ఎవరెవరి ఇళ్ళలోనో ముసలివాళ్ళను చూసుకుంటూ బతికింది, పెద్ద చదువు లేదు, అయినా ఆవిడ పేరు మీద మూడు వాటాల ఇటుక ఇల్లుంది. "ఇద్దరం ఐటీలో సంపాదిస్తున్నా మాకు డౌన్‌పేమెంట్ కుదరట్లేదు, ఈవిడకు ఎలా కుదిరింది?" అన్నది మొదటి ప్రశ్న. ఆవిడ మిమ్మల్ని "సూసూ" అనే చీటీ లాంటిదాంట్లో చేరమంటోంది, చేరవచ్చా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. ఆ ఇల్లు ఆవిడ ఒక్కతే కొన్నది కాదు. ఇరవై మంది ఆడవాళ్ళు వంతులవారీగా ఒకరికొకరు డబ్బు అందించుకుంటూ కొన్న ఇళ్ళలో అదొకటి. అందరూ వదిలేసి పోతున్న రోజుల్లో, అందరూ వద్దన్న పేటలో కొన్నది. కొన్న రోజు నుంచే పై వాటా అద్దెకిచ్చి బ్యాంకు కిస్తీ కట్టింది. ఇక సూసూలో చేరవచ్చు, కానీ కొన్ని షరతుల మీద. అవి చివర్లో చెప్తాను.

నేను నర్సుని. ఏలూరు నుంచి 1999లో వచ్చాను, 2002 నుంచి బ్రూక్లిన్‌లో హోమ్‌కేర్‌లో ఉన్నాను. పేషెంట్ల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ బీపీ, పుళ్ళు, మందులు చూసుకుని, అక్కడ పేషెంట్‌ను కనిపెట్టుకుని ఉండే సహాయకురాలు, అంటే ఎయిడ్, సరిగ్గా చేస్తోందా లేదా రాసుకోవడం నా పని. (ఎయిడ్ మందు గుర్తు చేయవచ్చు గానీ ఇంజక్షన్ లాంటివి ఇవ్వకూడదు. ఈ ఒక్క రూలు చెప్పి చెప్పి నా గొంతు పోయింది.) ఇన్నేళ్ళలో నేను చూసిన ఎయిడ్‌లలో ఎక్కువమంది జమైకా, ట్రినిడాడ్, గయానా, హైతీ, సెయింట్ విన్సెంట్, గ్రెనడా వాళ్ళే. పేషెంట్ నిద్రపోయాక వంటగదిలో టీ తాగుతూ వాళ్ళు చెప్పినవే కింద రాస్తున్నాను.

ముందు ఆడవాళ్ళే ఎందుకొచ్చారో చెప్పాలి. మనవాళ్ళలో సాధారణంగా మగాడు ముందు వచ్చి, కుదురుకున్నాక భార్యను తెచ్చుకుంటాడు. కరీబియన్ వాళ్ళలో చాలా ఇళ్ళలో ఇది తిరగబడింది. 1952 నాటి అమెరికా వలస చట్టం ప్రకారం బ్రిటిష్ వలసలుగా ఉన్న ఆ చోట్లకు ఒక్కోదానికి ఏడాదికి 100 వీసాలే ఉండేవి. 1962లో జమైకా, ట్రినిడాడ్, 1966లో గయానా, బార్బడోస్ స్వతంత్ర దేశాలయ్యాయి. 1965లో అమెరికా పాత కోటాలు ఎత్తేసింది. తలుపు తెరుచుకున్నప్పుడు న్యూయార్క్‌కు కావలసింది ఎవరు? ఆసుపత్రులకు నర్సులు, డబ్బున్న ఇళ్ళకు పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకునే మనుషులు. ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషి దొరకట్లేదని యజమాని రాసిస్తే గ్రీన్‌కార్డుకు దారి ఉండేది. అలా టీచర్లుగా, గుమాస్తాలుగా, కుట్టుపని చేసేవాళ్ళుగా బతికిన ఆడవాళ్ళు ఇక్కడికొచ్చి పరాయివాళ్ళ ఇంట్లో వెనక గదిలో పడుకుని రెండు మూడేళ్ళు కాగితాల కోసం ఓర్చుకున్నారు. మీ ఇంటావిడ అప్పటి సంగతులు చెప్పట్లేదంటే గుచ్చి గుచ్చి అడక్కండి.

కాగితాలు చేతికొచ్చాక వాళ్ళు ఆ గదిలోంచి బయటపడి ఎక్కడికి పోయారంటే క్రౌన్ హైట్స్, ఫ్లాట్‌బుష్, ఈస్ట్ ఫ్లాట్‌బుష్. కారణం ప్రేమ కాదు, ధర. 60లు, 70లలో ఈ పేటల్లోని తెల్లవాళ్ళు లాంగ్ ఐలాండ్‌కో స్టాటెన్ ఐలాండ్‌కో తరలిపోతున్నారు. "నల్లవాళ్ళు వచ్చేస్తున్నారు, ధర పడిపోక ముందే అమ్ముకోండి" అని బ్రోకర్లే ఇంటింటికీ తిరిగి భయపెట్టి చవగ్గా కొని, వచ్చేవాళ్ళకు ఎక్కువకు అమ్మారు. 1977లో కరెంటు పోయిన రాత్రి ఈ చుట్టుపక్కల దుకాణాలు దోచేశారు. ఆ రోజుల్లో ఇక్కడ ఇల్లు కొంటానన్నవాడిని పిచ్చివాడిగా చూసేవారు. నాకు తెలిసిన ఒక బార్బడోస్ ఆవిడ 1979లో రెండు వాటాల ఇల్లు 42,000 డాలర్లకు కొన్నది. "మా చెల్లెలు నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు, డబ్బు బూడిదలో పోశావంది" అని నవ్వుతూ చెప్పేది. ఇప్పుడా వీధిలో అలాంటి ఇల్లు పది లక్షలు దాటింది.

అంచేత మొదటి మాట: వాళ్ళు కొన్న ధర మీకు దొరకదు. మీ ఇద్దరి జీతం, వాళ్ళ జీతం పక్కపక్కన పెట్టుకుని బాధపడటంలో అర్థం లేదు.

ధర తక్కువే అయినా డౌన్‌పేమెంట్ కావాలి కదా. కొత్తగా వచ్చిన నల్ల ఆడమనిషికి, అందులోనూ పాచిపని చేసే మనిషికి, ఆ పేటలో ఇంటి మీద అప్పివ్వడానికి బ్యాంకులు ముఖం తిప్పుకునేవి. ఇక్కడికే సూసూ వస్తుంది.

సూసూ అంటే మన చీటీయే, పాట లేని చీటీ. ఇరవై మంది వారానికి తలా 200 వేస్తే వారానికో మనిషికి 4,000 అందుతాయి. ఆ మొత్తాన్ని "హ్యాండ్" అంటారు. ఇరవై వారాలకు అందరి వంతూ పూర్తవుతుంది. వసూలు చేసే మనిషిని "బ్యాంకర్" అంటారు, ఎక్కువగా చర్చిలోనో ఆసుపత్రి వార్డులోనో అందరికీ పెద్దదిక్కుగా ఉండే ఒక ఆంటీ. మన చీటీలో అవసరమున్నవాడు పాట పాడి, తగ్గించుకుని ఎత్తుకుంటాడు, ఆ తగ్గింపు మిగతావాళ్ళకు లాభంగా పంచుతారు, నిర్వాహకుడు కమీషన్ తీసుకుంటాడు. సూసూలో పాటా లేదు, వడ్డీ లేదు, లాభమూ లేదు. వేసినంతే వస్తుంది. హ్యాండ్ అందుకున్నవాళ్ళు బ్యాంకర్ చేతిలో ఇష్టపూర్వకంగా కొంత పెడతారు. మరి లాభమేమిటంటే, బలవంతంగా దాచుకోవడం, పైగా పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతికి రావడం. బ్యాంకులో దాచుకుంటే మధ్యలో తీసేస్తాం. చర్చిలో ఆదివారం ఎదురుపడే ఆంటీకి "ఈ వారం లేదు" అని చెప్పడం ఎంత కష్టమో మన ఊళ్ళో చీటీ కట్టిన ఎవరినైనా అడగండి.

ఈ పద్ధతి పడమటి ఆఫ్రికాలోని యొరూబా వాళ్ళది, అక్కడ "ఎసుసు" అంటారు. బానిసత్వంలో అట్లాంటిక్ దాటి వచ్చి కూడా చావలేదు. చోటుకో పేరు మాత్రం వచ్చింది: ట్రినిడాడ్, గ్రెనడాలలో సూసూ, జమైకాలో పార్ట్‌నర్, గయానాలో బాక్స్ హ్యాండ్, బార్బడోస్‌లో మీటింగ్ టర్న్, హైతీలో సోల్. మీ ఇంటావిడ గయానా మనిషై ఉండి మీతో సూసూ అన్నదంటే, ఆ గుంపులో ట్రినిడాడ్ వాళ్ళున్నారనో, మీకు అర్థమవడానికనో అయి ఉంటుంది.

ఒక్క హ్యాండ్‌తో ఇల్లు రాదు. నాకు తెలిసిన సెయింట్ విన్సెంట్ ఆవిడ ఒకేసారి రెండు సూసూలు కట్టేది, ఆవిడ అక్క ఒకటి కట్టేది. మూడు హ్యాండ్‌లూ ఒకే నెలలో వచ్చేలా బ్యాంకర్లను ముందే బతిమాలుకుని పెట్టుకుంది. అలా మూడేళ్ళు తిప్పింది. ఇల్లు అక్కాచెల్లెళ్ళిద్దరి పేరు మీద తీసుకున్నారు. ఆ తరువాతి మూడేళ్ళూ ఇద్దరూ కింది వాటాలో ఒకే గదిలో పడుకున్నారు. పై వాటాకు ఒక కుటుంబం, ముందు గదికి ఒక కుర్రాడు అద్దె. బ్యాంకు కిస్తీలో సగం పైనే అద్దెల నుంచి వచ్చేది. మీరు చూసే ఆ మూడు వాటాల ఇల్లు మొదటి పదేళ్ళు వాళ్ళకు ఇల్లు కాదు, వ్యాపారం. ఎవరికి వాళ్ళు గదులు పంచుకుని దర్జాగా ఉన్నది అప్పు తీరాకే.

ఇంకొకటి ఉద్యోగం. డెబ్బై అయిదు గంటల ట్రైనింగ్‌తో హోమ్ హెల్త్ ఎయిడ్‌గా మొదలుపెట్టవచ్చు. కానీ అక్కడే ఆగినవాళ్ళు ఇళ్ళు కొనలేదు, లేదా ఎంతో కష్టం మీద కొన్నారు. కొన్నవాళ్ళలో చాలామంది నర్సింగ్‌హోమ్ ఎయిడ్, తరువాత ఎల్‌పీఎన్ (కింది స్థాయి లైసెన్సు నర్సు), ఆ తరువాత ఆర్‌ఎన్ (పూర్తి స్థాయి రిజిస్టర్డ్ నర్సు) అని మెట్టు మెట్టూ ఎక్కారు. క్రౌన్ హైట్స్‌లో 1970లో పెట్టిన మెడ్గర్ ఎవర్స్ కాలేజీ లాంటి సిటీ కాలేజీల్లో సాయంత్రం క్లాసులు, ఆసుపత్రి వాళ్ళ యూనియన్ 1199 ట్రైనింగ్ ఫండ్ నుంచి ఫీజు. క్లార్క్‌సన్ అవెన్యూ మీద కింగ్స్ కౌంటీ ఆసుపత్రికి ఎప్పుడైనా వెళ్ళి ఏ వార్డులోనైనా చెవి పెట్టి వినండి, దీవులన్నిటి యాసలూ అక్కడే వినిపిస్తాయి. యూనియన్ ఉద్యోగమంటే పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్. కుటుంబంలో ఒక్కరికి ఆ ఉద్యోగం దొరికితే ఆ కుటుంబం నిలబడినట్లే.

ఇది చదివి అంతా బంగారంలా ఉందనుకోకండి. మూడు విషయాలు నన్ను ఇప్పటికీ కలవరపెడతాయి.

పిల్లలు. తల్లి ఇక్కడ, పిల్లలు అక్కడ అమ్మమ్మ దగ్గర. తల్లి ఏడాది పొడుగునా బట్టలు, బూట్లు, సబ్బులు, డబ్బా సరుకులు కొని నడుమెత్తు పీపాలో సర్ది క్రిస్మస్‌కు ఓడలో పంపుతుంది. జమైకాలో అలా పెరిగిన పిల్లలను "బ్యారెల్ చిల్డ్రన్" అంటారు, అంటే పీపా పిల్లలు. ఇది ఈ తరంతో మొదలైంది కాదు. అమెరికా కాంగ్రెస్‌కు 1968లో ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ షర్లీ చిజమ్ 1924లో బ్రూక్లిన్‌లోనే పుట్టింది. తల్లి బార్బడోస్, తండ్రి గయానా మూలాలవాడు. తల్లిదండ్రులు నాలుగు డబ్బులు దాచుకోవడం కోసం ఆ పాపను, చెల్లెళ్ళను బార్బడోస్‌లో అమ్మమ్మ దగ్గర వదిలారు. 1934లో గానీ తిరిగి తెచ్చుకోలేదు. ఆమె తన చదువుకు పునాది ఆ దీవి బడే అని చెప్పుకునేది, అది వేరే సంగతి. అందరి కథా అలా అవలేదు. పన్నెండేళ్ళ తరువాత విమానం దిగిన కొడుకు తల్లిని "మిస్" అని పిలిచాడని నా ఎయిడ్ ఒకావిడ చెప్పింది. ఆ మాట చెప్పి లేచి వెళ్ళి గిన్నెలు తోమింది. ఆ గిన్నెలు అప్పటికే తోమి ఉన్నాయి.

మనవాళ్ళు ఆరు నెలల బిడ్డను విజయవాడలోనో కరీంనగర్‌లోనో అత్తగారి దగ్గర వదిలి వచ్చి వీడియో కాల్‌లో చూసుకుంటుంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది.

గంటలు. పేషెంట్ ఇంట్లో ఇరవై నాలుగు గంటల షిఫ్ట్ చేస్తే న్యూయార్క్‌లో 13 గంటలకే జీతం. ఎనిమిది గంటలు నిద్రకు, మూడు గంటలు భోజనాలకు తీసేస్తారు. రాష్ట్ర అత్యున్నత కోర్టు 2019లో ఈ పద్ధతి సరైనదే అన్నది. నిద్ర నిజంగా దొరక్కపోతే పూర్తి జీతమివ్వాలి, కాగితం మీద. మతిమరుపు పేషెంట్ రాత్రి ఐదుసార్లు లేస్తుంటే ఎవరు పడుకుంటారు? నేను పనిచేసిన ఒక ఏజెన్సీలో ఎయిడ్‌లు రాత్రి లేచిన లెక్కలు రాసిస్తే ఆ షీట్లు ఎక్కడికి పోయేవో తెలిసేది కాదు. రెండుసార్లు అడిగాను, మూడోసారి నా కేసులు తగ్గించారు. మానేసి ఇంకోచోట చేరాను.

ఇల్లు పోవడం. 2005, 2006 ప్రాంతంలో ఈస్ట్ ఫ్లాట్‌బుష్, కెనార్సీ, క్వీన్స్‌లో జమైకా పేట చుట్టుపక్కల అప్పు తీరిన ఇళ్ళున్న ముసలివాళ్ళ దగ్గరికి ఏజెంట్లు ఈగల్లా వాలారు. "ఇంటి మీద డబ్బు తీసుకోండి, పైకప్పు బాగు చేయించుకోండి" అని. వడ్డీ రెండేళ్ళ తరువాత పెరుగుతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు కిస్తీ కట్టి సాధించుకున్న ఇల్లు నాలుగేళ్ళలో వేలానికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. ఆ తరువాత దస్తావేజు దొంగతనాలు: సాయం చేస్తామని వచ్చి సంతకం పెట్టించుకుని ఇల్లే తమ పేరు మీద రాయించుకోవడం. 2024లో రాష్ట్రం దీన్ని ప్రత్యేకంగా నేరం చేసింది. మీ ఇంటావిడ ఏదైనా కాగితం తెచ్చి "ఇది చదివి చెప్పమ్మా" అంటే, దయచేసి పని పక్కన పెట్టి చదవండి.

బేస్‌మెంట్ అద్దెల గురించి కూడా ఒక మాట. ఇంటి కిస్తీ కట్టడానికి కింద గది అద్దెకివ్వడం ఇక్కడ మామూలే, చాలావాటికి అనుమతి ఉండదు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఇడా తుఫాను వానకు నగరంలో అలాంటి గదుల్లో 11 మంది మునిగి చనిపోయారు. మీరు ఉన్నది పై వాటా అయితే సరే. కింద అయితే బయటపడడానికి రెండో దారి ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

మీరు రాసినదాంట్లో ఒక వాక్యం నాకు నచ్చలేదు: "మనకూ వాళ్ళకూ ఏం సంబంధం". సంబంధం ఉంది. 1838 నుంచి గయానాకు, 1845 నుంచి ట్రినిడాడ్‌కు, 1917 వరకు చెరకు తోటల్లో కూలికి తీసుకెళ్ళిన మనవాళ్ళలో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినా, మద్రాసు నుంచి ఎక్కినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళున్నారు. క్వీన్స్‌లో రిచ్‌మండ్ హిల్, లిబర్టీ అవెన్యూకు వెళ్తే వాళ్ళ మునిమనవలు కనిపిస్తారు. వీరసామి, రామ్‌సామి అన్న ఇంటిపేర్లు ఉంటాయి, భాష పోయింది. అక్కడ హోలీని ఫగ్వా అంటారు, ఊరేగింపు బాగుంటుంది.

మీ పేటలోనే చర్చ్ అవెన్యూ మీద కూరల కొట్టుకు వెళ్ళండి. వాళ్ళు "కలలూ" అని అమ్మేది తోటకూరే, జమైకా వాళ్ళది. డిసెంబర్‌లో మీ ఇంటావిడ ఎర్రగా, అల్లం ఘాటుతో ఒక గ్లాసు ఇస్తుంది, "సారెల్" అంటుంది. అది గోంగూర కాయ మీది ఎర్ర రేకులు మరిగించి తీసిన రసం. మనం ఆకు తిని కాయ పారేస్తాం, వాళ్ళు కాయ ఉంచుకుని ఆకు పారేస్తారు. ఈ సంగతి నేను మొదటిసారి చెప్పినప్పుడు మా ఎయిడ్‌లు నన్ను నమ్మలేదు, పచ్చడి చేసి తీసుకెళ్ళాక నమ్మారు. (ఘాటుకు వాళ్ళు తట్టుకున్నారు. వాళ్ళ స్కాచ్ బానెట్ మిరపకాయకు నేనే తట్టుకోలేకపోయాను.)

ఇక రెండో ప్రశ్న. నేను 2004 నుంచి సూసూ కడుతున్నాను. ఒక్కసారి దెబ్బ తిన్నాను. మూడో హ్యాండ్ అందుకున్న మనిషి నాలుగో నెలలో అట్లాంటా వెళ్ళిపోయి ఫోన్ ఎత్తడం మానేసింది. బ్యాంకర్ ఆంటీ తన జేబులోంచి కొంత సర్దింది, నాకు 900 డాలర్లు పోయాయి. రాత పత్రం లేదు, కోర్టుకెళ్ళి నిరూపించడం కష్టం. అందుకని నా లెక్క ఇది.

పోయినా నిద్ర పట్టేంత మొత్తమే వేయండి. మొదటిసారి వందకు మించవద్దు. చేరేముందు బ్యాంకర్ ఎన్నేళ్ళుగా నడుపుతోందో, ఎవరైనా ఎగ్గొడితే ఏం చేస్తుందో అడగండి. తడుముకోకుండా చెప్పే మనిషైతే నమ్మవచ్చు. ఇంకొకరిని చేర్పిస్తే మీ వంతు ముందుకొస్తుందనో, వేసినదానికి ఎనిమిదింతలు వస్తుందనో ఎవరైనా అంటే అది సూసూ కాదు, గొలుసు మోసం. 2020 ప్రాంతంలో ఈ పేరు పెట్టుకుని ఫోన్లలో చాలా తిరిగాయి.

హ్యాండ్ మీద లాభం లేదు కాబట్టి అది మీ ఆదాయం కాదు. కానీ ఇంటి లోనుకు వెళ్ళేటప్పుడు బ్యాంకువాళ్ళు రెండు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతారు. జీతం కాని పెద్ద మొత్తం కనిపిస్తే ఎక్కడిదని నిలదీస్తారు. "మా ఇంటావిడ ఇచ్చింది" అంటే నమ్మరు. అప్లికేషన్‌కు కనీసం మూడు నాలుగు నెలల ముందే హ్యాండ్ ఖాతాలో పడేలా వంతు అడగండి, ప్రతి వారం వేసినది చెక్కు రూపంలోనో ఫోన్ ద్వారానో పంపి ఆనవాలు ఉంచుకోండి. పదివేల డాలర్లు దాటిన నగదును, బ్యాంకు ప్రభుత్వానికి పంపే రిపోర్టుకు భయపడి ముక్కలు చేసి వేయకండి. ఆ ముక్కలు చేయడమే నేరం.

కొత్తగా చేరినవాళ్ళు మొదటి హ్యాండ్ అడగరు. చివరి వంతు అడగండి. ఇరవై వారాలు తప్పకుండా కట్టాక, రెండోసారి మీరు అడగకుండానే ఆంటీ "నీకెప్పుడు కావాలి?" అంటుంది. మీ ఇంటి డౌన్‌పేమెంట్ లెక్క ఆవిడతో అప్పుడు మాట్లాడండి. డిసెంబర్ అయితే ఇంకా మంచిది, సారెల్ కూడా దొరుకుతుంది.